ఏ మెతుకు పట్టి చూడాలి? – ప్రశాంత చంద్ర మహలనోబిస్ జీవిత కథ

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెలో మెతుకులన్నీ నలిపి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలు అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. ఇంట్లో నలుగురికి వండే గిన్నె విషయంలో ఈ మాట నిజమే. కానీ పెళ్ళిలో గాడిపొయ్యి మీద గుండిగ దగ్గర నిలబడ్డ వంటమనిషి ఒక్క మెతుకుతో సరిపెట్టుకోడు. అడుగున మాడుతూ, పైన పలుకుగా ఉండే అన్నం అది. తెడ్డు అడుగుదాకా దించి, నాలుగు పక్కల నుంచీ తీసి చూస్తే గాని దించమని చెప్పడు. ఎన్ని మెతుకులు చూశాడన్నది కాదు, ఎక్కడెక్కడి నుంచి తీశాడన్నదే అసలు సంగతి.

మనం ఉంటున్న ఈ దేశంలో జరిగిందే చూడండి. 2018 మార్చి 6న జరిగిన న్యూజీలాండ్ జనాభా లెక్కలు ఎక్కువగా ఇంటర్నెట్ మీద ఆధారపడ్డాయి. ఇంటింటికీ కాగితాలు పంచే బదులు, చాలా ఇళ్ళకు ఒక కోడ్ ఉన్న ఉత్తరం పంపారు. చివరికి వ్యక్తిగత ఫారం నింపినవాళ్ళు 83 శాతం అని తేలింది. 2013లో అది 92 శాతం. మావోరీలలో 68 శాతం, పసిఫిక్ దీవుల ప్రజల్లో 65 శాతం మాత్రమే జవాబిచ్చారు. రాని జవాబుల స్థానంలో ప్రభుత్వ శాఖల రికార్డుల నుంచి వివరాలు తెచ్చి ఖాళీలు పూరించారు. అయినా మావోరీ తెగలవారీ వివరాలను అధికారిక గణాంకాలుగా విడుదల చేయలేకపోయారు. స్వతంత్ర సమీక్ష వెలువడ్డాక, 2019 ఆగస్టులో ప్రధాన గణాంకాధికారి లిజ్ మెక్‌ఫర్సన్ రాజీనామా ప్రకటించారు. ఆ తర్వాత 2025 జూన్‌లో ప్రభుత్వం మరో అడుగు వేసింది. 2028 సెన్సస్ ఉండదని, 2030 నుంచి ప్రభుత్వ రికార్డులూ, ఏటా జరిపే చిన్న సర్వేలూ కలిపి లెక్కలు తయారు చేస్తామని ప్రకటించింది.

పన్ను కాగితాల్లో మీకు ఏయే భాషలు వచ్చు అన్న గడి ఉండదు. అంటే ఆక్లాండులోనూ హామిల్టన్‌లోనూ ఎంతమంది తెలుగువాళ్ళున్నారన్న సంగతి ఇకమీదట చాలావరకు ఆ చిన్న సర్వేలో ఎవరి తలుపు తట్టారన్న దాని మీదే ఆధారపడుతుంది. అందుకే ఈ విషయం మీద జీవితమంతా పనిచేసిన ఒక పెద్దమనిషి కథ మన పాఠకులకు చెప్పాలనిపించింది. ఆయన బెంగాలీ. కానీ ఆయన కథలో మన తెలుగువాడు కూడా ఒకరున్నారు. ఆ ముచ్చట తర్వాత.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1893 జూన్ 29న కల్కత్తాలో బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. తాతగారు గురుచరణ్, దేవేంద్రనాథ్ ఠాగూర్ ప్రభావంతో సంస్కరణ బాట పట్టి, వితంతువును పెళ్ళాడిన మనిషి. మనవడు ప్రెసిడెన్సీ కాలేజీలో 1912లో ఫిజిక్స్ ఆనర్స్ ముగించి, మరుసటి ఏడాది లండన్‌కి ఓడెక్కాడు. చేరాలనుకున్నది లండన్ యూనివర్సిటీలో. ఒకరోజు కేంబ్రిడ్జి చూసొద్దామని వెళ్ళి, తిరుగు రైలు తప్పిపోయి, స్నేహితుడి దగ్గర ఆగిపోయాడు. అక్కడి కింగ్స్ కాలేజీ ప్రార్థనా మందిరం చూసి ముగ్ధుడై ఆ కాలేజీలోనే చేరిపోయాడు.

అదే కాలంలో కేంబ్రిడ్జిలో ఉన్న శ్రీనివాస రామానుజన్‌తో స్నేహం కుదిరింది. చలికి రామానుజన్ రాత్రిళ్ళు ఓవర్‌కోటు వేసుకుని శాలువా కప్పుకుని పడుకుంటున్నాడని తెలిసి, మహలనోబిస్ పడకగదిలోకి వెళ్ళి చూశారట. మంచం మీద దుప్పట్లు, కంబళ్ళు బిగించి పరిచే ఉన్నాయి. వాటి లోపలికి దూరి పడుకోవాలని రామానుజన్‌కి తెలియదు, పాపం పైనే పడుకుంటున్నాడు. డునెడిన్‌లో మొదటి చలికాలం గడిపిన మనవాళ్ళకు ఈ కథ చదివితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

1915లో చదువు ముగిసింది. ఇంటికి బయలుదేరే ముందు యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో కాలేజీ గ్రంథాలయంలో ట్యూటర్ మెకాలే ఒక పత్రిక చూపించారు. పేరు బయోమెట్రికా. మనుషుల, జంతువుల కొలతల నుంచి గణితం ద్వారా నిజాలు రాబట్టే పత్రిక అది. మహలనోబిస్ ఏకంగా సంచికలన్నీ కొనేసి, ఓడలోనే చదవడం మొదలుపెట్టారు. కల్కత్తాలో దిగేసరికి ఫిజిక్స్ మేష్టారి బుర్రలో ఇంకో శాస్త్రం కాపురం పెట్టేసింది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే దొరికిన లెక్కనల్లా పట్టుకున్నారు. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో కలిసిన జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్, కల్కత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు ఇచ్చి విశ్లేషించమన్నారు. దాని ఫలితం 1922లో అచ్చయింది. ఒక మనిషి ఒక గుంపుకి ఎంత దగ్గర, ఒక గుంపు మరో గుంపుకి ఎంత దూరం అని కొలిచే సూత్రం ఈ దారిలోనే పుట్టింది. 1936లో ఆయన ప్రకటించిన ఆ సూత్రాన్ని ఇవాళ మహలనోబిస్ దూరం అంటారు. మన పాఠకుల్లో డేటా సైన్స్ ఉద్యోగాలు చేసేవాళ్ళు ఈ పేరుతో రోజూ పనిచేస్తూ ఉంటారు. ఆ పేరు వెనక మనిషి గురించి మాత్రం చాలామందికి తెలియదు.

1926లో ఒరిస్సాలో వరదలొచ్చాయి. నది అడుగు పూడి ఎత్తెక్కిందని, కట్టలు పెంచాలని ఇంజనీర్లు అన్నారు. మహలనోబిస్ దాదాపు అరవై ఏళ్ళ వాన, వరద లెక్కలు తిరగేసి, అడుగు ఎత్తెక్కలేదని, పైన ఆనకట్టలు కట్టి నీళ్ళు ఆపడమే మార్గమని చెప్పారు. ఇంత పెద్ద పనులు కాలేజీలో ఒక గదిలో సాగేవి. 1931 డిసెంబర్ 17న ఆ గదిలోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. మొదటి ఏడాది సంస్థ ఖర్చు 250 రూపాయలు కూడా దాటలేదు. లెక్కలు కట్టడానికి పూటవారీగా వచ్చే ఒక మనిషి ఉండేవాడు. ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే అతనే!

అసలు కథ జనపనారతో మొదలవుతుంది. బెంగాల్‌లో ఏటా ఎన్ని ఎకరాల్లో జనుము వేశారన్నది మిల్లులకూ రైతుకూ బతుకు సమస్య. ఎక్కువ వేశారని ముందుగా పొరపాటు అంచనా వస్తే ధర పడిపోతుంది, రైతు మునుగుతాడు. అంచనాలు మాత్రం గ్రామ స్థాయి మనుషులు కంటిచూపుతో చెప్పేవి. 1937లో జూట్ కమిటీ పని అప్పగించగానే మహలనోబిస్ మొదట చిన్న ఎత్తున ప్రయోగాలు చేశారు. గ్రామ పటాల మీద లాటరీ తీసినట్టు చుక్కలు పెట్టి, ఆ చుక్క ఎక్కడ పడితే అక్కడికే మనిషిని పంపేవారు. బురదలో ఉన్నా, ఏరు దాటాల్సి వచ్చినా అక్కడికే. దారి పక్క పొలం చూసి వచ్చేయడానికి వీల్లేదు. ఎందుకంటే దారి పక్క పొలానికీ, లోపలి పొలానికీ తేడా ఉండొచ్చు. ఆ తేడా ఎంతో ముందుగా ఎవరికీ తెలియదు.

మన సంఘాల సర్వేలు ఇక్కడే తప్పటడుగు వేస్తాయని నా అభిప్రాయం. ఉగాది భోజనాల దగ్గర కాగితం పంచి కార్యక్రమం ఎలా ఉందని అడుగుతాం. బాగుందని అందరూ రాస్తారు. బాగాలేదనుకున్నవాళ్ళు పోయినేడాదే రావడం మానేశారు కదా! ఈమెయిల్‌లో పంపితే సాయంత్రం తీరిక ఉన్న ఐటీ ఉద్యోగి జవాబిస్తాడు. రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మాయి, సౌత్‌లాండ్ డైరీ ఫారంలో తెల్లవారుజామున పాలు పితికే కుర్రాడు, పిల్లల్ని చూసుకోవడానికి ఇండియా నుంచి వచ్చిన అత్తగారు జవాబివ్వరు. ఎన్ని జవాబులు వచ్చాయో గొప్పగా ప్రకటిస్తాం గాని, ఎవరివి రాలేదో లెక్క పెట్టం. మహలనోబిస్ లెక్కలో ఇవన్నీ దారి పక్క పొలాలు.

ఆయనది ఇంకో అనుమానం కూడా ఉంది. చుక్క సరిగ్గా పెట్టినా, వెళ్ళిన మనిషి సరిగ్గా రాస్తాడా? కూర్చున్నచోటే రాసేస్తే ఎలా తెలుస్తుంది? దీనికి ఆయన కనిపెట్టిన ఉపాయం చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే ప్రాంతానికి రెండు విడి శాంపిళ్ళు తీసి, ఇద్దరు వేరు వేరు మనుషుల బృందాలకు ఇచ్చేవారు. ఒకరి లెక్క ఒకరికి తెలియదు. రెండు జవాబులూ దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే ఎక్కడో తేడా ఉన్నట్టు. పైగా రెండు లెక్కలనూ పక్కపక్కనే అచ్చువేసేవారు. తన తప్పు ఎంతుండొచ్చో చదివేవాడికే చూపించడం అన్నమాట. ఎన్నికలప్పుడు టీవీల్లో అంకెలు ప్రకటించే ఎంతమంది ఇలా చేస్తారు?

1941 నాటికి సర్వే బెంగాల్ అంతటా సాగింది. అదే ఏడాది ప్రభుత్వం వేలమందిని పెట్టి ప్రతి పొలాన్నీ లెక్కించింది కూడా. ఆ తర్వాత మిల్లులకు, ఎగుమతికి నిజంగా చేరిన సరుకుతో పోల్చి చూస్తే, కొద్ది ఖర్చుతో చేసిన శాంపిల్ లెక్కే నిజానికి బాగా దగ్గరగా వచ్చింది. అన్నీ లెక్కించిన లెక్క చాలా తక్కువ చూపింది. ఇది చాలామందికి మింగుడుపడలేదు. అన్నీ లెక్కపెడితే తప్పెలా వస్తుందని వాళ్ళ వాదన. వేలమంది శిక్షణ లేని మనుషులు అరకొరగా చేసిన పని కంటే, కొద్దిమంది శ్రద్ధగా చేసిన పని మేలని మహలనోబిస్ వాదన.

ఆయన ప్రతిసారీ గెలిచారని కాదు. పంట దిగుబడి కొలవడానికి చిన్న చిన్న ముక్కల్లో కోత కోయించేవారు. గిరిలో పడీ పడని మొక్కను లోపలే వేసుకోవడం మానవ సహజం. ముక్క చిన్నదైతే గట్టు భాగమే ఎక్కువ, కాబట్టి దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. పెద్ద ముక్కలే కోయాలని, కొత్త సిబ్బంది ఎందుకు, ఉన్న రెవెన్యూ, వ్యవసాయ శాఖల వాళ్ళతోనే చేయించవచ్చని పి.వి. సుఖాత్మే వాదించారు. ఇద్దరూ ఉద్దండులే. ఏళ్ళ తరబడి సాగిన ఈ తగాదాలో దేశంలో పంటకోత లెక్కలు చివరికి సుఖాత్మే దారిలోనే ఎక్కువగా నడిచాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పొలాల్లో లాటరీ పద్ధతి మొదట వాడింది మహలనోబిస్ కాదు. 1920లలో బీహార్, ఒరిస్సా ప్రాంతంలో హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి వరి దిగుబడి కొలవడానికి వాడారు. ఆ సంగతి మహలనోబిస్ దాచలేదు.

1943లో బెంగాల్ కరువు వచ్చింది. ఎంతమంది చనిపోయారన్నది అప్పటికీ ఇప్పటికీ రాజకీయమే. కల్కత్తా విశ్వవిద్యాలయం మానవ శాస్త్ర విభాగం కరువు గట్టిగా తగిలిన చోట్ల సర్వే చేసి, ఆ చావుల రేటునే రాష్ట్రమంతటికీ కట్టి 35 లక్షలు అంది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆ లెక్కను ఒప్పుకోలేదు, దెబ్బతిన్న ఊళ్ళను చూసి రాష్ట్రం మొత్తానికి చెప్పకూడదని. సంఘం తేల్చిన అంకె 15 లక్షలు. మహలనోబిస్ తన బృందంతో 1944-45లో 386 గ్రామాల్లో పదిహేను వేల పైచిలుకు కుటుంబాలను అడిగి, కరువు తర్వాత ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరి ఎడ్లు పోయాయి, ఎవరు బిచ్చగాళ్ళయ్యారు అని రాయించారు. కూలీలూ, జాలరులూ, చేతివృత్తులవాళ్ళూ ఎక్కువగా చితికిపోయారని ఆ సర్వే చూపింది.

అయితే కుటుంబం కుటుంబం తుడిచిపెట్టుకు పోయినచోట జవాబు చెప్పడానికి ఎవరు మిగులుతారు? ఊరొదిలి కల్కత్తా వీధుల్లో చనిపోయినవాళ్ళ గురించి ఏ ఇంటి తలుపు తట్టి అడగాలి? బతికున్నవాళ్ళని ఎంత న్యాయంగా లాటరీ తీసి ఎంచినా ఈ ఖాళీ పూడదు. తర్వాత అమర్త్యసేన్ వంటివారు మరణాల రికార్డులను మళ్ళీ పరిశీలించి సుమారు 30 లక్షలని అంచనా కట్టారు. ఇందులో ఒక చిక్కు ఉంది చూడండి. 35 లక్షలు చెప్పిన సర్వే పద్ధతి తప్పే. కానీ ఆ పద్ధతి తప్పని చెప్పి 15 లక్షలు రాసుకున్న ప్రభుత్వ అంకె నిజానికి మరింత దూరంగా ఉంది. ఒక సర్వే అందరికీ ప్రతినిధి కాదని నిరూపించినంత మాత్రాన ఎదుటివాడి అంకె నిజమైపోదు. ఈ సంగతి నాకు ఆయన జీవితం చదివినప్పుడే బోధపడింది.

ఇప్పుడు మన తెలుగువాడి ముచ్చట. కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సి.ఆర్. రావు గారు, 1920లో హడగళిలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేశారు. యుద్ధకాలంలో సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కల్కత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ద్వారా మహలనోబిస్ సంస్థ సంగతి తెలిసి, 1941లో శిక్షణకు చేరారు. అంతే, అక్కడే నాలుగు దశాబ్దాలు గడిచిపోయాయి. 1946లో గురువు ఆయన్ని కేంబ్రిడ్జి పంపారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ దూరంతో పోల్చే పని అది. చెట్టంత శిష్యుడై, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టు 22న నూట మూడో పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు కన్నుమూశారు.

స్వాతంత్ర్యం వచ్చాక దేశం గురించి నెహ్రూ ప్రభుత్వానికి తెలిసింది చాలా తక్కువ. సగటు పల్లెటూరి కుటుంబం నెలకు ఏం తింటుందో చెప్పగల కాగితం ఢిల్లీలో లేదు. 1949లో మంత్రివర్గానికి గణాంక సలహాదారుగా గౌరవ పదవిలోకి వచ్చిన మహలనోబిస్, 1950లో నేషనల్ శాంపిల్ సర్వే మొదలుపెట్టించారు. తొలి విడత అక్టోబరులో మొదలైంది, 1833 పల్లెలు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. మన ఊళ్ళు కొన్ని మద్రాసులో, కొన్ని హైదరాబాదులో ఉన్నాయి. వెళ్ళిన ఉద్యోగుల అవస్థ ఊహించుకోవచ్చు. ఒకచోట గిద్ద, సోల, మానిక, కుంచం. ఇంకోచోట శేరు. పేరు ఒకటే అయినా ఊరు మారితే కొలత మారేది. ఇవన్నీ ఒకే తూకంలోకి తేవాలి.

ప్రశ్న అడిగే తీరులోనూ మెలిక ఉంది. గడిచిన వారం ఎన్ని బియ్యం వండారని అడిగితే ఒక జవాబు, గడిచిన నెల అని అడిగితే ఇంకో జవాబు వస్తుంది. వారం అని అడిగితే అంతకుముందు వండింది కూడా కలిపి చెప్పే అలవాటు మనుషులది. ఏది నిజమో తేల్చడానికి కొన్ని ఇళ్ళల్లో రోజూ తూకం వేసి చూశారు. నెల లెక్కే తూకానికి దగ్గరగా ఉందని తేలి, సర్వేలో 30 రోజుల పద్ధతి పెట్టారు. భారతదేశంలో పేదవాళ్ళు ఎందరన్న లెక్కలు దశాబ్దాల పాటు ఈ నిర్ణయం మీదే నడిచాయి. 1990ల చివర ఈ కాలవ్యవధిని మార్చి అడిగితే పేదరికం అంకెలు మారిపోయి పెద్ద గొడవే జరిగింది.

రెండో పంచవర్ష ప్రణాళిక, భారీ పరిశ్రమల నమూనా, ప్లానింగ్ కమిషన్ రాజకీయాలు, ఇవన్నీ వేరే వ్యాసానికి సరిపడా కథలు. ఆ నమూనాను ఇప్పుడు మెచ్చుకునేవాళ్ళు తక్కువే. మనిషి కూడా సులువైనవాడు కాదు. తన మాట నెగ్గించుకోవడం, సంస్థ అంతా తన గుప్పిట్లో పెట్టుకోవడం మీద విమర్శలు గట్టిగానే ఉన్నాయి. ఠాగూర్ విశ్వభారతికి ఏళ్ళ తరబడి కార్యదర్శిగా పనిచేసినవాడు, 1947 నుంచి ఐక్యరాజ్యసమితి శాంపిలింగ్ ఉపసంఘానికి అధ్యక్షత వహించినవాడు, 1956లో దేశానికి మొదటి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకదాన్ని తెప్పించినవాడు కూడా ఆయనే.

భార్య నిర్మలకుమారి, అందరూ రాణి అని పిలిచేవారు. బరానగర్‌లో వాళ్ళ ఇంటి పేరు ఆమ్రపాలి. దేశదేశాల శాస్త్రవేత్తలు ఆ ఇంట్లోనే బస చేసేవారు. ఇప్పుడది మ్యూజియం. 1972 జూన్ 28న కల్కత్తాలో మహలనోబిస్ కన్నుమూశారు. మర్నాడు ఆయన 79వ పుట్టినరోజు. 2007 నుంచి ఆ జూన్ 29ని భారతదేశం గణాంక దినంగా జరుపుకుంటోంది.